నాలుగు కటకాల టెస్సార్

జర్మనీలోని యేనా పట్టణంలో కార్ల్ జైస్ సంస్థకు లెన్సులు రూపొందించిన పౌల్ రుడాల్ఫ్ 1896లో ప్లానార్ అనే లెన్సు గీశాడు. ఆరు కటకాలు, నాలుగు గుంపులు. లెక్కల్లో దానికి వంక పెట్టడానికి లేదు. కెమెరాకు బిగిస్తే మాత్రం బొమ్మ వెలిసిపోయినట్టు వచ్చేది. గాలి గాజును తాకే ప్రతి హద్దు దగ్గరా వెలుగులో 4–5 శాతం వెనక్కి తిరుగుతుంది. ప్లానార్‌లో అలాంటి హద్దులు ఎనిమిది. నాలుగో వంతుకు పైగా వెలుగు ఫొటో ప్లేటును చేరే దారిలోనే పోయేది. పోయిందంతా పోయినా బాగుండేది. అందులో కొంత కటకాల మధ్య అటూ ఇటూ తిరిగి, చివరికి బొమ్మలో నల్లగా ఉండాల్సిన చోట పడి అక్కడ బూడిద రంగు పులిమేది.

1902లో అదే రుడాల్ఫ్ నాలుగు కటకాలతో టెస్సార్ తెచ్చాడు. ముందు ఒక కుంభాకార కటకం, దాని వెనక ఒక పుటాకార కటకం, కాస్త ఖాళీలో అపర్చర్, చివర రెండు కటకాలు అంటించిన జంట. అంటించడానికి వాడింది కెనడా బాల్సమ్ అనే చెట్టు జిగురు. అది కూడా దాదాపు గాజులాగే వెలుగును వంచుతుంది కాబట్టి ఆ అతుకు దగ్గర వెలుగు వెనక్కి తిరగడం చాలా తక్కువ. అలా గాలి హద్దులు ఆరే మిగిలాయి.

నాలుగే కటకాలతో పని ఎలా జరిగింది? సగం జవాబు గాజులోనే ఉంది. ఒట్టో షాట్, ఎర్న్‌స్ట్ అబ్బే, జైస్ కలిసి 1884లో యేనాలో పెట్టిన గాజు కార్ఖానా నుంచి బేరియం కలిపిన కొత్త రకాలు వచ్చాయి. ఇవి వెలుగును ఎక్కువ వంచినా రంగులను ఆ మేరకు విడదీయవు. మిగతా సగం అమరికలో ఉంది. మామూలు లెన్సులో బొమ్మ మూలనున్న చుక్క ఒక దూరంలో అడ్డగీతగా, మరో దూరంలో నిలువుగీతగా సాగిపోతుంది. ఒక కటకం చేసే ఈ తప్పును ఇంకో కటకం వ్యతిరేక దిశలో చేసి సరిచేయాలి. ఇంగ్లండులోని డెన్నిస్ టేలర్ 1893లో మూడు కటకాలతోనే ఇది సాధించాడు. టెస్సార్ దానికి నకలని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. రుడాల్ఫ్ ఈ తప్పును సరిదిద్దిన 1890 నాటి తన అనాస్టిగ్మాట్ లెన్సు నుంచి, 1899 నాటి ఉనార్ లెన్సు మీదుగా ఇక్కడికి చేరాడు.

లెన్సు చిన్నదైతే కెమెరా చిన్నదవుతుందని రుజువు చేసింది మాత్రం లైట్జ్ సంస్థ. 1925లో లైప్‌జిగ్ వసంత సంతలో కనబడిన లైకాకు మాక్స్ బెరెక్ 50 మి.మీ. ఎఫ్/3.5 లెన్సు రూపొందించాడు. మొదట ఐదు కటకాలు, ఆ వెంటనే నాలుగు కటకాల ఎల్మార్. అపర్చర్ ఉండే చోటు తప్ప అమరిక టెస్సార్‌దే. పని అయ్యాక లెన్సును కెమెరా లోపలికి నెట్టేస్తే కెమెరా కోటు జేబులో పట్టేది. తొలి లైకాలో దూరం కొలిచే సాధనం లేదు. కంటితో అంచనా వేసి, లెన్సు మీది అంకెల దగ్గర నిలపడమే. అనంతం నుంచి ఒక మీటరు దాకా ఫోకస్ మార్చడానికి 50 మి.మీ. లెన్సు జరగాల్సింది రెండున్నర మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. మరచుట్టు ఉన్న ఒక రింగు చాలు. ఫోకస్ తిప్పే మోటారూ దాని తీగలూ లేకపోవడం కూడా ఇలాంటి మాన్యువల్ లెన్సులు ఇంత చిన్నగా ఉండటానికి ఒక కారణం.

1935లో జైస్‌లో అలెగ్జాండర్ స్మకులా కటకాల మీద అతి పలుచని పూత వేసే పద్ధతి కనుక్కున్నాక వెనక్కి తిరిగే వెలుగు బాగా తగ్గింది. ప్లానార్ వంశానికి మంచి రోజులు వచ్చాయి. ఇవాళ్టి 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సుల్లో చాలావాటి అమరిక ఆ వంశానిదే. టెస్సార్ ఎఫ్/2.8 దగ్గరే ఆగింది. అంతకు మించి తెరిస్తే మూలలు చెదిరిపోతాయి.

అయినా చిన్న మాన్యువల్ లెన్సు కొనేవారికి నేను టెస్సార్ తరహానే చూపిస్తాను. నికాన్ 2001లో తెచ్చిన 45 మి.మీ. ఎఫ్/2.8 బరువు 120 గ్రాములు, పొడవు 17 మి.మీ. దాన్ని ఎఫ్/8 దగ్గర పెట్టి, ఫోకస్ ఎనిమిదిన్నర మీటర్ల దగ్గర నిలిపితే, నాలుగుంపావు మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా అంతా పదునుగా వస్తుంది. వీధిలో నడుస్తూ ఫొటో తీసేవారికి ఇంతకన్నా వేగమైన ఫోకస్ లేదు, తిప్పాల్సిన పనే ఉండదు కనుక. సాయంత్రం పెళ్ళిమంటపం తీయాలంటే మాత్రం ఇది చాలదు, ఎఫ్/1.8 కొనండి.

కొనే ముందు మౌంటు చూసుకోవాలి. ఈ 17 మి.మీ. నికాన్ లెన్సును అద్దం లేని కొత్త నికాన్ జెడ్ కెమెరాకు తగిలిస్తే మధ్యలో 30.5 మి.మీ. అడాప్టర్ తప్పదు. పొట్టితనమంతా అక్కడే పోతుంది. పాత లైకా స్క్రూ లెన్సులకు అంత మందమైన అడాప్టర్ అక్కర్లేదు కాబట్టి కొత్త కెమెరాల మీద అవే ముచ్చటగా కుదురుతాయి. అయితే లోపలికి జారే ఎల్మార్‌ను డిజిటల్ కెమెరా లోపలికి నెట్టకండి, లెన్సు వెనక కొస కెమెరా లోపలి భాగాలకు తగలొచ్చు. పాత లెన్సును టార్చి వెలుగులో చూడండి. సాలెగూడులాంటి సన్నని పోగులు కనబడితే అది ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో అది త్వరగా పెరుగుతుంది. వెనక జంట అంచున ఇంద్రధనుస్సు రంగులు మెరిస్తే బాల్సమ్ అతుకు విడిపోతోందని అర్థం. దాన్ని మళ్ళీ అతికించే పనివాడు దొరకడం కష్టం. ధర ఎంత తక్కువైనా అలాంటిది వదిలేయండి.