పాత పుస్తకం.. భద్రమా? బందీయా?

విశాఖపట్నం: పుస్తకం పాఠకుని చేతికి అందితేనే సార్థకం. పదిమంది చేతులు మారితే అదే పుస్తకం శిథిలం. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు ఇది తీరని చిక్కు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయం సముద్రతీర నగరంలో ఉంది. అచ్చు పుస్తకాలతో పాటు తాళపత్ర గ్రంథాలకూ అది నెలవు. 2014 అక్టోబరు 12న విరుచుకుపడిన హుద్‌హుద్ తుపాను ఈ ప్రాంగణాన్ని అతలాకుతలం చేసింది. అయితే పుస్తకానికి ముప్పు తుపానుతోనే రాదు.

కాగితంలోనే శత్రువు

19వ శతాబ్ది ద్వితీయార్ధం నుంచి కర్రగుజ్జుతో, పటిక, రోజనం కలిపి తయారుచేసిన కాగితంలో ఆమ్లం ఉంటుంది. అది క్రమేణా కాగితపు నారను తినేస్తుంది. పుట పసుపుబారి, మడిస్తే పెళుసుగా విరుగుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది. జిరాక్సు యంత్రంపై బోర్లించి నొక్కితే కుట్లు తెగుతాయి.

పాఠకునికి ఇక్కట్లు

అందుకే అరుదైన గ్రంథాలను ఇంటికివ్వరు. జిరాక్సుకు అనుమతించరు. బైండింగుకు వెళ్లిన పుస్తకం నెలల తరబడి తిరిగిరాకపోవచ్చు. పురుగుల నివారణకు మందు పెట్టిన రోజుల్లో ఆ విభాగమే మూతపడుతుంది. దూరప్రాంతం నుంచి వచ్చిన పరిశోధకుడు వట్టి చేతులతో వెనుదిరగవలసి వస్తుంది. గడువులోగా సిద్ధాంత వ్యాసం సమర్పించవలసిన వారికి ఇది చిన్న నష్టం కాదు. అలాగని సంరక్షణను విస్మరిస్తే, మిగిలిన ఒక్క ప్రతీ పొడిగా మారి రేపటి పాఠకులందరికీ శాశ్వతంగా దూరమవుతుంది.

మధ్యేమార్గం ఉంది

మరమ్మతు పనులను సెలవుల్లో చేపట్టడం, ఏ పుస్తకం బైండింగులో ఉందో, ఎప్పుడు వస్తుందో కేటలాగులోనే తెలపడం తొలి మెట్టు. స్కానింగు రెండోది. తన వద్దనున్న పుస్తకానికి భద్రత కోసం డిజిటల్ ప్రతిని ఉంచుకొనేందుకు వాణిజ్యేతర ప్రజా గ్రంథాలయాలకు 2012 నాటి కాపీరైట్ చట్ట సవరణ వీలు కల్పించింది. రచయిత మరణానంతరం 60 ఏళ్లు గడిచి హక్కులు ముగిసిన రచనలనైతే అందరికీ అందించవచ్చు. అప్పుడు పాఠకుడు నకలు చదువుతాడు, అసలు ప్రతి విశ్రమిస్తుంది.

అయితే స్కానింగుతోనే బాధ్యత తీరదు. భారత డిజిటల్ గ్రంథాలయం వెబ్‌సైటు అందుబాటులో లేకుండా పోయినప్పుడు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేరిన నకళ్లే వేలాది తెలుగు పుస్తకాలను పాఠకులకు దక్కించాయి. ఒకే చోట దాచినది, తాళపత్రమైనా కంప్యూటరు ఫైలైనా, క్షేమం కాదు.

పుస్తకాలున్నది వినియోగానికేనన్నది గ్రంథాలయ శాస్త్రానికి రంగనాథన్ 1931లో నిర్దేశించిన తొలి సూత్రం. ఆ వినియోగం నేటితో ఆగకుండా చూడడమే సంరక్షణ. తాళం వేయడం కాదు.