కీచుమన్న పెట్టె చెప్పిన లెక్క

2025 అక్టోబరులో డేటా సెంటర్లు కడతామని గూగుల్ విశాఖపట్నానికి ఇచ్చిన మాట గిగావాట్లలో ఉంది. 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామన్నారు. ఎంచుకున్న చోట్లలో ఆనందపురం మండలంలోని తర్లువాడ ఒకటి. గిగావాట్ అయితే కరెంటు లెక్క. ఆ భవనాల కోసం సముద్రం అడుగున వేస్తామన్న కేబుళ్లకు లెక్క వేరు: సెకనుకు ఎన్ని బిట్లు? ఆ లెక్కను ఇళ్లలోకి తెచ్చింది మోడెమ్ అనే చిన్న పెట్టె.

దాని పూర్వీకుడు టెలిగ్రాఫ్. మోర్స్ కోడ్‌లో ఒక్కో అక్షరం ఒక్కో పొడవు కనుక వేగాన్ని నిమిషానికి ఇన్ని మాటలని చెప్పేవారు. 1874లో ఫ్రాన్స్‌కు చెందిన ఎమిల్ బొదో ప్రతి అక్షరానికీ సమానమైన 5 స్పందనలు కేటాయించాడు. అన్నీ సమానం కాగానే లెక్క సులువైంది: తీగ మీద సెకనుకు ఎన్ని స్పందనలు? ఆయన పేరిటే ఆ కొలతను బాడ్ అన్నారు. ఓడరేవుల్లో షిప్పింగ్ ఆఫీసులు ఒకప్పుడు నమ్ముకున్న టెలెక్స్ వేగం 50 బాడ్. మొదలు, ముగింపు గుర్తులతో కలిపి అక్షరానికి ఏడున్నర స్పందనలు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆనందపురం అని కొట్టాలంటే 11 అక్షరాలు, 1.65 సెకన్లు.

మోడెమ్‌కు వచ్చిన చిక్కు ఏమిటంటే, దానికి దొరికింది మనిషి గొంతు కోసం వేసిన టెలిఫోను లైను. 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ధ్వనులే అందులో సాగుతాయి. కాబట్టి అంకెలను అది కూతగా మార్చింది. 1962 నాటి బెల్ 103 మోడెమ్ సున్నాకు ఒక స్వరం, ఒకటికి మరో స్వరం పలికేది. సెకనుకు 300 మార్పులు, 300 బిట్లు. బాడ్, బిట్ సరిసమానం కావడంతో రెండూ ఒకటేనన్న భ్రమ అప్పుడే పుట్టింది. అది ప్రకటనల్లోకీ ఎక్కింది, ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

తేడా తెలియాలంటే ఆనందపురం పూల మార్కెట్ నుంచి నిమిషానికి ఎన్ని ఆటోలు బయల్దేరుతున్నాయో చూడండి. అది బాడ్. ఒక్కో ఆటోలో ఎన్ని గంపలున్నాయో కలిపి లెక్కిస్తే వచ్చేది బిట్ల వేగం. రోడ్డు ఇరుకైతే ఆటోలు పెరగవు, గంపలే పెంచాలి. 1980ల నాటి 9,600 బిట్ల మోడెమ్ చేసిందదే. లైను మీద సెకనుకు 2,400 మార్పులే. కానీ ప్రతి మార్పులోనూ స్వరం బలాన్నీ దశనూ కలిపి మార్చి, ఒక్కో విడతకు 4 బిట్లు ఎక్కించింది.

ఎంతవరకు ఎక్కించవచ్చు? లైను వెడల్పు, దాని మీది రొద, ఈ రెండూ కలిసి ఒక హద్దు గీస్తాయని క్లాడ్ షానన్ 1948లోనే తేల్చాడు. మామూలు ఫోను లైను మీద మోడెమ్‌లు 33.6 కిలోబిట్ల దాకా వచ్చి ఆ హద్దుకు తగిలాయి. తరువాతి 56 కిలోబిట్ల మోడెమ్ షానన్‌ను ఓడించలేదు. అవతలి ఎక్స్ఛేంజ్ అప్పటికే డిజిటల్ అయింది కనుక రొద పుట్టే ఒక మెట్టును తప్పించుకుంది, అంతే. అదీ దిగుమతికే.

కనెక్షన్ కలిసేటప్పుడు వినిపించిన ఆ కీచు గోల నిజానికి పరీక్ష. రెండు మోడెమ్‌లూ లైను గుణం కొలుచుకుని, దానికి తగిన వేగానికి ఒప్పుకునేవి. కూత ఆగాకే పని మొదలు. 1995 ఆగస్టు 15న టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ మన దేశంలో ఇంటర్నెట్‌ను జనానికి తెరిచినప్పుడు డయలప్ వేగం 9.6 కిలోబిట్లు. 2004లో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 256 కిలోబిట్లు చాలు. 2023లో ఆ గీతను 2 మెగాబిట్లకు జరిపారు.

బిల్లు మీద రాసే మెగాబిట్‌కూ, ఫైలు పక్కన కనిపించే మెగాబైట్‌కూ మధ్య ఎనిమిది రెట్ల తేడా ఉంది. 100 మెగాబిట్ల కనెక్షన్ మహా అయితే సెకనుకు 12.5 మెగాబైట్లు ఇస్తుంది. పైగా ఈ అంకె ఆలస్యాన్ని చెప్పదు. 2002లో వేసిన చెన్నై-సింగపూర్ కేబుల్ పొడవు 3,200 కిలోమీటర్లు. దానిలోని గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి ఒక వైపుకే 16 మిల్లీసెకన్లు. ఎన్ని బిట్లు కొనుక్కున్నా అది తగ్గదు.

తమాషా ఏమిటంటే, గాజు తీగ వచ్చాక కొన్ని దశాబ్దాలు ఈ గంపల తెలివి అక్కర్లేకపోయింది. కాంతిని వెలిగించి ఆర్పితే చాలు. గిరాకీ పెరిగి ఆ తీగ కూడా ఇరుకయ్యాక ఇంజినీర్లు మళ్లీ మోడెమ్ పాఠం తీశారు. ఇప్పుడు డేటా సెంటర్లను కలిపే 400 గిగాబిట్ల పరికరాల్లో కాంతి బలం, దశ రెండూ మారతాయి, అదీ రెండు ధ్రువణాల్లో. దాదాపు 60 గిగాబాడ్, ఒక్కో మార్పుకు 8 బిట్లు. లెక్కకు 480 గిగాబిట్లు రావాలి. మిగతాది పొరపాట్లు దిద్దుకోవడానికీ ఇతర హంగులకూ పోతుంది.