స్తంభం కింద తువ్వాలు

లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో ఒక రాతి స్తంభం చుట్టూ ఎప్పుడూ నలుగురైదుగురు నేల మీద చతికిలబడి ఉంటారు. ఒకరు తువ్వాలు అంచును స్తంభం అడుగున దూరుస్తారు. అవతల కూర్చున్నవారు దాన్ని వేళ్లతో అందుకుని మెల్లగా లాగుతారు. ఇటు దూరిన గుడ్డ అటు తేలుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, పెద్దవాళ్లు "ఏదీ, నన్నొకసారి చూడనీ" అంటూ చీర కొంగో, దినపత్రికో పట్టుకుని వంగుతారు. తల ఎత్తితే పైకప్పు నిండా విజయనగర కాలపు రంగుల బొమ్మలున్నాయి. అయినా ముందు తువ్వాలు పనే.

అనంతపురం చుట్టుపక్కల రెండు రోజులు కారేసుకుని తిరిగితే ఇలాంటివి మరికొన్ని తగులుతాయి. తిరుపతి లాగానో, అరకు లాగానో ఏడాది ముందు నుంచి అనుకుని బయల్దేరే చోట్లు కావివి. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద వేలమంది వీటి పక్క నుంచే రివ్వున సాగిపోతుంటారు. ఆగినవాళ్లకు మాత్రం ప్రతిచోటా చేతికో కాలికో ఒక పని తగులుతుంది. దూరి చూడటం, వంగి చూడటం, వెతకటం, వేలితో గీత వెంబడి పోవటం. వట్టి దండం పెట్టుకుని రావడానికి ఇక్కడ వీలు పడదు.

శనివారం పొద్దున్నే అనంతపురంలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బయల్దేరడం మంచిది. బొరుగులు నానబెట్టి తాలింపు వేసే ఈ టిఫిను తెల్లారి తొమ్మిదైతే చాలాచోట్ల ఖాళీ. అక్కడి నుంచి దక్షిణంగా 70 కిలోమీటర్ల దూరంలో పెనుకొండ. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడి, హంపి పాడుబడ్డాక విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్నది ఈ కొండ నీడకే. కోటగోడలు, గగన్ మహల్ ఇంకా నిలిచే ఉన్నాయి. ఊరికి కాస్త అవతల ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ నడవడం మొదలయ్యాక రోడ్డు పక్కన కొరియా అక్షరాల బోర్డులు కూడా వెలిశాయి. శ్రీకృష్ణదేవరాయల నాటి ఊరి పొలిమేరలో కొరియా వంటల హోటలు చూడటమూ ఒక వింతే.

పెనుకొండలో పిల్లలు అడిగేది మాత్రం కుంభకర్ణుడినే. కొండ వాలున ఒక తోటలో ఆయన వెల్లకిలా పడుకుని ఉంటాడు. పొడవు సుమారు 140 అడుగులు, ఎత్తు 30 అడుగుల పైమాటే. చుట్టూ రాక్షసులు ఆయన్ను లేపడానికి నానా తంటాలు పడుతుంటారు. యుద్ధకాండలో కుంభకర్ణుణ్ని లేపే ఘట్టం తెలియని తెలుగువాళ్లుండరు. శంఖాలు ఊదుతారు, భేరీలు మోగిస్తారు, చివరికి ఏనుగుల చేత తొక్కిస్తారు. ఆ ఘట్టమంతా ఇక్కడ సిమెంటులో గడ్డకట్టి ఉంది. పైగా ఆయన పొట్టలోకి మనుషులు నడిచి వెళ్లొచ్చు. లోపల గుహలా చీకటి, చల్లదనం. శిల్పంగా దీనికి ఎన్ని మార్కులు పడతాయంటే గట్టిగా చెప్పలేం. లేపాక్షి చెక్కినవాళ్ల నేల మీద ఇదేం బొమ్మ అని ముక్కు విరిచేవాళ్లూ ఉన్నారు. కానీ రాక్షసుడి కడుపులో నిలబడి కేక పెట్టి ప్రతిధ్వని వినే ఎనిమిదేళ్ల పిల్లాడికి ఆ విమర్శతో పనిలేదు.

పెనుకొండ దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే వదిలి హిందూపురం వైపు తిరిగితే, హిందూపురానికి 15 కిలోమీటర్ల ముందే లేపాక్షి వస్తుంది. ఊరి మొదట్లోనే నంది. ఒకే బండలో తొలిచిన ఈ బసవన్న ఎత్తు 15 అడుగులు, పొడవు 27 అడుగులు. మెడలో గంటల పేరు, ఒంటి మీద పట్టెడలు, వీపున కప్పిన గుడ్డ అంచులు, అన్నీ రాతిలోనే. తల మాత్రం కాస్త ఎత్తి ఉంటుంది. ఎందుకంటే చూపు ఎదుటనున్న మనిషి మీద కాదు, అల్లంత దూరాన గుడి ఆవరణలో ఏడు పడగల నీడన ఉన్న శివలింగం మీద. ఆ నాగలింగం గురించి అక్కడ చెప్పే కథ ఇంకా బాగుంటుంది. శిల్పులకు అన్నం వండుతున్న తల్లి వంట ముగించేలోపు, ఊరకే కూర్చోవడమెందుకని వాళ్లు ఆ బండను పాముగా చెక్కేశారట. పొయ్యి మీద సంగటి ఉడికేంత సేపట్లో అంత పడగ లేచిందంటే నమ్మాలా వద్దా అన్నది ఆకలి మీద ఆధారపడి ఉంటుంది.

గుడి కట్టించింది అచ్యుతదేవరాయల కొలువులో ధనాగారం చూసిన విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ. కాలం 1530ల నాటిది. కల్యాణమండపం సగంలో ఆగిపోయింది. పైకప్పు లేని స్తంభాలు ఆకాశం కింద అలాగే నిలబడి ఉన్నాయి. రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము ఖర్చుపెట్టాడన్న నింద పడిందనీ, రాజు శిక్ష వేయకముందే విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడనీ స్థానికులు చెబుతారు. ఆ గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు కూడా. పనివాళ్లు భోంచేసిన పళ్లేలంటూ నేల బండలో తొలిచిన గుంటలు, సీతమ్మ పాదమంటూ మనిషి పట్టేంత అడుగుజాడ కూడా ఆ ఆవరణలోనే. దెబ్బతిని పడిపోయిన జటాయువుతో రాముడు "లే, పక్షీ" అన్నాడు కాబట్టి లేపాక్షి అయిందన్న కథ సరేసరి.

ఇక తువ్వాలు దూరే స్తంభం. గుడిలోని 70 స్తంభాల్లో దీని అడుగు మాత్రమే నేలకు పూర్తిగా ఆనదు. బ్రిటిషు కాలంలో ఒక ఇంజినీరు దీని గుట్టు విప్పాలని గడ్డపారతో కదిలించబోతే చుట్టుపక్కల స్తంభాలన్నీ కదిలాయని చెబుతారు. అది నిజమో కాదో గానీ అందులోని ఇంగితం గట్టిదే. రాతి మండపాల్లో దూలాలు, పలకలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి. బరువు ఒక్క కాలి మీదే పడదు, పక్కవాటికీ పంచుకుపోతుంది. ఒక కాలు నేలను వదిలినా ఇల్లు కూలకపోవడం అందుకే. ఈ గుడినీ, నందినీ కలిపి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు.

ఒక మాట. ఇక్కడ చెప్పుల్లేకుండా నడవాలి, బండ నేల పదకొండు దాటితే పెనంలా కాలుతుంది. అందుకే పెనుకొండను పొద్దున్న ముగించి, ఎండ పొద్దంతా హిందూపురంలో భోజనానికీ కునుకుకీ వదిలేసి, సాయంత్రం నాలుగుకి లేపాక్షి చేరేవాళ్లు తెలివైనవాళ్లు. పైకప్పు బొమ్మల్లోని చీరల అంచులు, బుటాలు వాలిన వెలుతురులోనే బాగా కనిపిస్తాయి కూడా.

హిందూపురం నుంచి గౌరిబిదనూరు పోయే దారిలో, కర్ణాటకలోకి అడుగుపెట్టగానే విదురాశ్వత్థం. విదురుడు నాటాడని చెప్పే రావిచెట్టు 2001లో కూలిపోయింది. చుట్టూ వేలాది నాగప్రతిమలు మాత్రం వరసలు వరసలుగా మిగిలాయి. 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహానికి గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపింది ఇక్కడే. చనిపోయినవారి స్మారకం ఉంది. వింతలు చూస్తూ వచ్చిన వాళ్లు ఇక్కడ కాసేపు మాటలు తగ్గిస్తారు.

ఆదివారం కదిరి వైపు. కదిరి అంటే లక్ష్మీనరసింహస్వామి, మల్లెపూలు, వేరుశనగ. ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం రూపొందించిన ఒక వేరుశనగ రకానికి 'కదిరి లేపాక్షి' అని పేరు. శిల్పాల ఊరి పేరు విత్తనానికి రావడం ఈ సీమలోనే చెల్లింది. కదిరికి పాతిక కిలోమీటర్లకు పైగా దూరంలో, నంబులపూలకుంట మండలం గూటిబయలులో ఉంది తిమ్మమ్మ మర్రిమాను.

దూరం నుంచి చూస్తే అది చెట్టనిపించదు. ఎండిన గుట్టల నడుమ ఎవరో అడవి ముక్కను తెచ్చి పరిచినట్టుంటుంది. లోపలికి అడుగుపెట్టాక, ఒకే చెట్టు కింద పావుగంటగా నడుస్తున్నామని కొంతసేపటికి గాని తట్టదు. కొమ్మలు పరుచుకున్న మేర 19,107 చదరపు మీటర్లు, అంటే దాదాపు 4.7 ఎకరాలు. వెయ్యికి పైగా ఊడలు నేలలో దిగి మానులై నిలబడ్డాయి. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానే కురిసే సీమలో, ఎకరా చేనుకు నీళ్లు చాలని చోట, ఒక చెట్టు నాలుగున్నర ఎకరాలను మించి కమ్ముకుంది. ఇక్కడ పిల్లలకు దొరికే పని ఒకటే: తల్లి మాను ఏదో కనిపెట్టడం. "ఇదే", "కాదు, అదిగో అది" అని వాదించుకుంటూ తిరుగుతారు. ఊడ ముదిరితే మానుకూ ఊడకూ తేడా పోల్చడం కష్టం, కాబట్టి పందెం తేలదు. అసలు మర్రికి తల్లి మాను లేకపోయినా బతుకు ఆగదు. కోల్‌కతా ఆవల హౌరా వృక్షోద్యానంలోని పెద్ద మర్రికి తెగులు సోకితే 1925లో మూల కాండాన్నే తొలగించారు. ఊడల మీదే అది ఇప్పటికీ విస్తరిస్తోంది.

తనంతట తానే ఇంతైందనుకుంటే పొరపాటు. లేత ఊడలు గాలికి ఊగుతూ ఎండిపోకుండా, చీల్చిన వెదురు గొట్టాల్లో మట్టి, ఎరువు నింపి వాటి గుండా నేల దాకా దించుతారు. బరువెక్కిన కొమ్మల కింద రాతి ఆసరాలు నిలుపుతారు. చెట్టుకు మనిషి చేసే సేవ గురించి చెప్పాలంటే మహబూబ్‌నగర్ పిల్లలమర్రి గుర్తుకొస్తుంది. చెదలు పట్టిన ఆ ముసలి చెట్టుకు 2018లో మందు కలిపిన సీసాలు కొమ్మలకు వేలాడదీసి, ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించినట్టు చుక్క చుక్కగా ఎక్కించారు.

తిమ్మమ్మ మాను పేరు లోకానికి తెలియడం వెనక ఒక మనిషి ఉన్నాడు. బెంగళూరుకు చెందిన సత్యనారాయణ అయ్యర్ అనే పాత్రికేయుడు రాసినవన్నీ పత్రికలు తిప్పి పంపేవి. చింతిస్తున్నామంటూ వచ్చిన ఆ 'రిగ్రెట్' చీటీలను ఆయన వందల్లో దాచుకుని, చివరికి తన పేరునే రిగ్రెట్ అయ్యర్ అని మార్చుకున్నాడు. ఈ చెట్టు సంగతి పట్టుకుని తిరిగింది ఆయనే. 1989లో మాను గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఎన్నో పత్రికలు వద్దన్న మనిషి ఈ చెట్టును మాత్రం వద్దనిపించుకోలేదు.

ఇక చెట్టు పుట్టుక కథ. 1434లో భర్త చనిపోతే తిమ్మమ్మ సహగమనం చేసిందనీ, చితికి పాతిన గుంజ చిగిర్చి మర్రి అయిందనీ చెబుతారు. పిల్లలు లేని దంపతులు మొక్కుకుంటారు, శివరాత్రికి జాతర జరుగుతుంది. చెప్పేవాళ్ల గొంతులో భక్తి ఉంటుంది. బతికున్న మనిషి మంటల్లోకి నడవడాన్ని ఇప్పుడు వినేవాళ్లకు మాత్రం ఆ చల్లటి నీడలోనూ ఒళ్లు జలదరిస్తుంది.

తిరుగుదారిలో ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట. ఆగి తీరాల్సిన ఊరు. మేక తోలును పలచగా గీకి, వెలుతురు పారే దాకా పదును చేసి, ఉలితో చిల్లులు పొడిచి, రంగులద్ది తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయిక్కడ. వీరిలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా ఆడే రామాయణాలు, మధ్యలో జనాన్ని నవ్వించే జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఇప్పుడు ఆటల్లో కన్నా ప్రదర్శనల్లోనే ఎక్కువ కనిపిస్తారు. చాలా ఇళ్లలో ఇప్పుడు అన్నం పెడుతున్నది దీపాల మీది తోలు గొడుగులు. బొమ్మను పగటి వెలుతురులో చూస్తే గోధుమరంగు తోలు. వెనక దీపం పెట్టగానే కిరీటంలో పొడిచిన చిల్లులన్నీ వజ్రాలవుతాయి. నమ్మకం లేకపోతే సెల్‌ఫోను టార్చి చాలు.

హైదరాబాదుకు తిరిగివెళ్లేవారికి ఇంకొకటి మిగిలి ఉంటుంది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంట పడేదాకా అవి మేకల కాపరులకు వట్టి గీతలే. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మీ. బ్రాహ్మీని ఎడమ నుంచి కుడికి రాస్తారు. ఇక్కడి చిన్న శాసనంలో మాత్రం కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఒక సాలు ఇటు దున్ని, చివర ఎద్దుల్ని తిప్పి, పక్క సాలు అటు దున్నినట్టు చెక్కాడు ఆ లేఖకుడు. రాతిని తాకకుండా గాలిలోనే వేలు ఆడిస్తూ పోతే ఎక్కడ మలుపు తిరిగాడో తెలుస్తుంది.

తొలకరి రోజుల్లో వెళితే గుట్ట మీద నుంచి మరో దృశ్యం. పక్కనే జొన్నగిరి పొలాల్లో వాన వెలిసిన వెంటనే ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం నడుం వంచి, తడిసిన మట్టి మీద చూపు నిలిపి, ఒక్కో అడుగే వేస్తూ వజ్రాలు వెతుకుతుంటారు.