పండు మీద పూసిన పువ్వుకు వెల ఎంత?

పెళ్ళి రిసెప్షన్‌కు వెళ్తాం. వధూవరుల మీద అక్షింతలు వేసి, ఫొటో దిగి, భోజనాల వైపు నడుస్తాం. బఫే బల్లల వరసలో ఒక బల్ల దగ్గర మాత్రం జనం ఆగిపోతారు. పుచ్చకాయ మీద విచ్చుకున్న గులాబీ, బొప్పాయిలోంచి లేచిన తామర, అనాసపండు నెమలి, క్యారెట్ బంతిపూలు! పిల్లలు వేలు పెట్టబోతే తల్లులు చెయ్యి వెనక్కి లాగుతారు. 'భలే చెక్కారే, ఎవరు చేశారో!' అనుకుంటూ ప్లేటు పట్టుకుని ముందుకు కదులుతాం. జవాబు కోసం ఎవరూ ఆగరు.

అలా చెక్కేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఉండేది రాజమండ్రి. తొమ్మిదేళ్ళుగా పెళ్ళిళ్ళకు, ఓణీల ఫంక్షన్లకు, గృహప్రవేశాలకు పళ్ళు చెక్కి ఇస్తున్నాను. నన్ను అడిగేవాళ్ళు రెండు రకాలు. 'మాకూ నేర్పవా?' అనేవాళ్ళు కొందరు. 'పళ్ళ ఖర్చు ఇచ్చేస్తాం, కాస్త చెక్కి పెడుదూ' అనేవాళ్ళు మరికొందరు. మొదటివాళ్ళకు చెప్పాల్సింది బోలెడుంది. రెండోవాళ్ళకు చెప్పాల్సింది ఒక్కటే. రెండూ ఇక్కడ చెబుతాను.

రాణివాసం నుంచి బడికి

ఈ విద్య ఒక్క దేశానిది కాదు. జపాన్‌లో కూరగాయలను, పళ్ళను అందంగా చెక్కే పనిని 'ముకిమోనో' అంటారు. చైనాలో కాంటన్ వంటవాళ్ళు బూడిదగుమ్మడికాయ పై చెక్కు మీద బొమ్మలు చెక్కి, లోపల గుజ్జు కొంత తీసి, అందులోనే సూప్ వండి వడ్డిస్తారు. మనం దిష్టికి గుమ్మానికి కట్టే కాయ అక్కడ గిన్నె అవుతుందన్నమాట! గరిటెతో సూప్‌తోపాటు ఆ గిన్నె గుజ్జునూ గీరి తినేస్తారు.

అయితే పండు చెక్కడం అనగానే అందరికీ గుర్తొచ్చేది థాయిలాండే. అక్కడ దీన్ని 'కే సలక్' అంటారు. సుఖోథాయ్ రాజుల కాలంలో నాంగ్ నొప్పమాస్ అనే అంతఃపుర స్త్రీ, నదిలో దీపాలు వదిలే పండగకు తామరపువ్వులాంటి తెప్ప చేసి, దాన్ని చెక్కిన పళ్ళతో అలంకరించిందని ఒక కథ చెబుతారు. ఆమె పేరు మీద ఉన్న పుస్తకం మాత్రం అంత పాతది కాదనీ, బాంకాక్ రాజుల కాలంలో రాసిందనీ చరిత్రకారులు అంటారు. కాబట్టి దాన్ని కథగానే తీసుకుందాం. పండగ మాత్రం నిజం. దాని పేరు లోయ్ క్రథోంగ్. వాళ్ళ పన్నెండో చాంద్రమాసంలో వచ్చే పున్నమినాడు చేస్తారు. ఇంచుమించు మన కార్తీక పౌర్ణమి రోజే! అరటిబోదె ముక్క మీద పూలు, దీపం పెట్టి నీళ్ళలో వదులుతారు. గోదావరిలో అరటిదొప్పల్లో దీపాలు వదిలే మనకు ఇందులో వింతేముంది?

కే సలక్ ఒకప్పుడు రాణివాసంలోనూ, పెద్దింటి ఆడపిల్లల చేతుల్లోనూ పెరిగిన విద్య. పూలదండలు కట్టడం, అన్నం కూరలు అందంగా సర్దడంతోపాటు ఇదీ నేర్చుకునేవారు. థాయిలాండ్‌లో 1932లో రాజుగారి ఏకఛత్రాధిపత్యం పోయింది. ఈరోజు సువాన్ దుసిత్ విశ్వవిద్యాలయంగా ఉన్నది 1934లో గృహవిజ్ఞాన పాఠశాలగా మొదలైంది. రాణివాసపు విద్య క్రమంగా బడుల్లో పాఠమైంది, పెద్ద హోటళ్ళ వంటశాలల్లో ఉద్యోగమైంది. పండు అదే, కత్తి అదే. మారిందల్లా ఒకటే. అలంకారం అనుకున్నదాన్ని 'పని' అని పిలవడం మొదలుపెట్టారు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

కత్తిపీట వేరు, ఈ కత్తి వేరు

మన అలవాటు కత్తిపీట. అక్కడ కత్తి కదలదు, కాయ కదులుతుంది. ఇక్కడ దానికి తిరగేసి! కాయ నిలకడగా ఉంటుంది, కత్తి కదులుతుంది. అందుకే ఎంత కూర తరిగిన చెయ్యి అయినా మొదటి వారం తడబడుతుంది. భయపడకండి.

థాయి కత్తి సన్నగా, మొనదేలి, రెండంగుళాల అలుగుతో ఉంటుంది. పిడి పొడుగు. కత్తిలా పిడికిట్లో బిగించకుండా కలంలా వేళ్ళ మధ్య పట్టుకోవాలి. చిటికెన వేలును కాయకు ఆనిస్తే చెయ్యి వణకదు. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మొదట్లో ఇంట్లో ఉన్న చిన్న మొనకత్తితోనూ సాధన చేయొచ్చు. పదును మాత్రం ఉండాలి. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెడతాం, జారితే తెగేది వేలే.

సాధనకు ఖరీదైన పండు అక్కర్లేదు. దోసకాయ, క్యారెట్, ముల్లంగితో మొదలుపెట్టండి. చెక్కిన ముక్కలు సాయంత్రం సాంబారులో పడతాయి, రూపాయి వృథా కాదు. చెయ్యి కుదిరాక గట్టి దోరబొప్పాయి, ఆ తర్వాత పుచ్చకాయ.

పుచ్చకాయ ఎందుకంత ముద్దు?

రంగుల కోసం. పైన ముదురాకుపచ్చ తొక్క, దాని కింద లేతాకుపచ్చ, తర్వాత తెలుపు, ఆపైన గులాబీ, అడుగున ఎరుపు. కత్తి ఎంత లోతుకు దిగితే ఆ రంగు బయటికొస్తుంది. రంగుడబ్బా అవసరం లేకుండా రేకకు నాలుగు ఛాయలు! చెక్కడానికి పగుళ్ళు లేని, బరువైన, గుండ్రటి కాయ తీసుకోండి. నేలకు ఆనిన చోట పసుపుపచ్చ మచ్చ ఉంటే చేలో బాగా పండిన కాయ. మరీ ముగ్గిన కాయ వద్దు, రేకలు విరిగిపోతాయి.

గులాబీ చెక్కే పద్ధతి చెబుతాను. కాయ కదలకుండా కింద తడిగుడ్డను చుట్టలా చుట్టి పెట్టండి. పువ్వు రావాల్సిన చోట పై తొక్కను పలచగా, తెలుపు కనబడేంత వరకే గీరేయండి. మధ్యలో చిన్న మూతతో అద్ది రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్ద వృత్తం గుర్తు పెట్టుకోండి. ఆ గీత వెంట సెంటీమీటరు లోతుకు కత్తి నిలువుగా దించి తిప్పండి. ఆ వృత్తం చుట్టూ బయటివైపు నుంచి ఏటవాలుగా కోసి, ఆ ముక్క తీసేస్తే మధ్యన మొగ్గ నిలుస్తుంది.

మొగ్గ లోపల, అంచు వెంట చిన్న చిన్న వంపుకోతలు లోపలికి వాల్చి వేస్తూ, ఒక్కో కోత వెనక సన్నటి ముక్క తీస్తూ పోతే ముడుచుకున్న రేకలు వస్తాయి. ఇప్పుడు మొగ్గ బయట మొదటి వరస. కత్తిని ఏటవాలుగా పట్టి అర్ధచంద్రాకారంలో ఒక రేక కోయండి. దాని వెనకవైపు నుంచి మరో ఏటవాలు కోత వేసి మధ్యనున్న ముక్క తీసేయండి. రేక ఒంటరిగా లేచి నిలబడుతుంది. అలా ఐదారు రేకలతో వరస పూర్తి చేయండి. రెండో వరస రేకలు మొదటి వరస రేకల సందుల్లో రావాలి. ఇదే అసలు కిటుకు. రేక వెనక రేక పెడితే పువ్వు క్యాబేజీలా ఉంటుంది! చివర్లో ఆకుపచ్చ తొక్క మీద రంపపు అంచుల ఆకులు చెక్కితే సరి.

చూడ్డానికి ఒకటి, తినడానికి ఒకటి

ఇది బొమ్మ కాదు, తినే వస్తువు. ఈ సంగతి మరిస్తే అందం మాట దేవుడెరుగు, విందుకొచ్చినవాళ్ళు ఆసుపత్రి పాలవుతారు. కోసే ముందే కాయ మొత్తాన్ని ధారగా పడే నీళ్ళ కింద రుద్ది కడగాలి. తొక్క మీది మట్టిని కత్తి లోపలికి మోసుకెళ్తుంది మరి. కోసిన పండు మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. మన మే నెల పెళ్ళిళ్ళలోలాగా వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు.

అందుకే నేను బల్ల మీద చూపుకు పెట్టే కాయలు వేరుగా, వడ్డించే ముక్కలు వేరుగా చేస్తాను. చూపు కాయలు నాలుగైదు గంటలు నిలబడతాయి, వాటిని ఎవరికీ పెట్టనివ్వను. ముక్కలు ఫ్రిజ్‌లోనో, ఐసు పెట్టెలోనో ఉండి, వంతులవారీగా బయటికొస్తాయి. ముక్కలు నిలబెట్టడానికి పంటిపుల్లలు లోపల దాచడం నాకు ఇష్టం ఉండదు. పిల్లల నోట్లో గుచ్చుకుంటాయి. చెక్కేటప్పుడు రాలిన ఎర్రగుజ్జు అప్పటికప్పుడు జ్యూస్ గిన్నెలోకి, తెల్లభాగం పప్పులోకి వెళ్తాయి. సొరకాయకు ఏం తీసిపోదు.

ఇక అసలు మాట

కొన్నాళ్ళ కిందట ఒక క్యాటరింగ్ ఆయన పిలిస్తే రాత్రంతా కూర్చుని నాలుగు పుచ్చకాయలు, రెండు బొప్పాయిలు, ఓ బుట్టెడు క్యారెట్ పూలు చెక్కాను. ఈ పని రెండ్రోజుల ముందు చేసి పెట్టుకునేది కాదు, వాడిపోతుంది. ముందు రాత్రి చెయ్యాల్సిందే. తెల్లారి ఆయన పళ్ళ డబ్బులు లెక్కపెట్టి చేతిలో పెట్టి, 'మీ పేరు అందరికీ చెబుతాలెండమ్మా' అన్నారు. ఆ పక్కనే ఐసు దిమ్మలు దింపిన అబ్బాయికి కూలి ఇచ్చారు. మండపానికి పూలు కట్టినవాళ్ళకు ఇచ్చారు. కుర్చీలు మోసినవాళ్ళకూ ఇచ్చారు. నాకు మాత్రం పేరు!

ఇంట్లోవాళ్ళూ తక్కువేం కాదు. 'దానికేముందమ్మా, నీకు చిటికెలో పని. టిఫిన్ల వేళకొచ్చి రెండు కాయలు చెక్కి వెళ్ళు' అంటారు పెద్దవాళ్ళు ప్రేమగానే. చిటికెలో పనే. కానీ ఆ చిటిక వెయ్యడం చేతికి రావడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఒక్కసారి ఆలోచించండి. జాకెట్టు కుట్టించుకుంటాం. గుడ్డ మనదే. అయినా దర్జీకి కూలి ఇస్తాం కదా? మగ్గం పని చేయిస్తే ఆ కూలి గుడ్డ ఖరీదుకు ఎన్ని రెట్లో మనకు తెలియనిదా? పెళ్ళికూతురి చేతిలో పెట్టే కొబ్బరిబొండానికి ఒకప్పుడు అత్తలూ పిన్నులూ కూర్చుని రంగులేసి, పూసలు అంటించేవారు. ఇప్పుడు అదే బొండం షాపులో వెల చీటీతో ఉంటుంది. 'బొండం ఖరీదే ఇస్తాం, పూసలు ఊరికే అంటించండి' అని షాపువాణ్ణి ఎవరైనా అడుగుతారా? ఇంట్లో ఆడది చేస్తే ముచ్చట, బయటివాడు చేస్తే పని. ఈ లెక్క మార్చాల్సింది ముందు మనమే.

ఆ రోజు తర్వాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆర్డరు ఒప్పుకునేముందు కాగితం మీద మూడు వరసలు రాసి ఇస్తాను. ఒకటి, పళ్ళు, ఐసు, ఆటో. రెండు, గంటలు. పూర్తిగా చెక్కిన పెద్ద పుచ్చకాయకు నాకు రెండు గంటలు పడుతుంది, పది కాయలంటే మనిషి సాయం కావాలి. మూడు, నా చేతిపని. మొత్తంలో సగం అడ్వాన్సు. మొదట్లో 'ఇంతా?' అన్నవాళ్ళు ఉన్నారు, వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. గంటల లెక్క కళ్ళముందు పెట్టాక చాలామంది బేరం తగ్గించారు. నా దగ్గర నేర్చుకున్న ఇద్దరమ్మాయిలకు నేను మొదటిరోజు చెప్పే పాఠం కత్తి పట్టుకోవడం, చివరిరోజు చెప్పే పాఠం ఈ కాగితం రాయడం.

మరి బంధువులకో? మా ఆడపడుచు కూతురి పెళ్ళికి పైసా తీసుకోలేదు. కానీ అదే కాగితం రాసి, కింద 'అత్తయ్య చదివింపులు' అని పెట్టి ఇచ్చాను. మా ఆడపడుచు దాన్ని చదివి, చదివింపుల పుస్తకంలో నా పేరు పక్కన ఆ మొత్తం రాయించింది. ఊరికే చెయ్యడం వేరు, ఇచ్చానని చెప్పి ఇవ్వడం వేరు. రెండోదాంట్లో ఇచ్చేవాళ్ళకూ, పుచ్చుకునేవాళ్ళకూ గౌరవం ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి...

* యాపిల్, పియర్ కోసిన వెంటనే నల్లబడతాయి. నిమ్మరసం కలిపిన నీళ్ళలో ముంచి తీస్తే ఆ రంగు రావడం ఆలస్యమవుతుంది.

* క్యారెట్, ముల్లంగి పూలను ఐసునీళ్ళలో వేస్తే రేకలు విచ్చుకుని కరకరలాడతాయి.

* బీట్‌రూట్ పూలను విడిగా ఉంచండి. రంగు దిగి పక్కవాటిని పాడుచేస్తుంది.

* చెక్కిన పుచ్చకాయకు తడిగుడ్డ కప్పి ఫ్రిజ్‌లో పెట్టండి. బల్ల మీద పెట్టాక అప్పుడప్పుడు చల్లటి మంచినీళ్ళు చిలకరించండి.

* పచ్చిమాంసం, చేపలు కోసిన కత్తి, పలక పళ్ళకు వాడకండి.

* చెక్కిన ప్రతి కాయకూ ఎంతసేపు పట్టిందో ఒక పుస్తకంలో రాసుకోండి. మీ మొదటి ఆర్డరు వచ్చిన రోజున ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.