26 అంటే ఏ 26?

ఒరే బుజ్జీ, ఇలా వచ్చి కూర్చో. కొత్త టైరు ఎక్కలేదని మూతి ముడుచుకున్నావు కదూ? పాతదాని మీదా 26 అనే ఉంది, కొత్తదాని మీదా 26 అనే ఉంది. మరెందుకు పట్టలేదంటావు?

ఆ 26 అంగుళాలు టైరు బయటి కొలత నాన్నా, రిమ్ముది కాదు. తిరకాసంతా అక్కడే. 26 అంగుళాలంటే 660 మిల్లీమీటర్లు. ఇప్పుడు లెక్క వెయ్యి. సన్న టైరు మందం 35 అనుకో. అటూ ఇటూ కలిపి 70 తీసేస్తే లోపల మిగిలేది 590. లావు టైరైతే 50. రెండు వైపులా 100 పోతే 560. పైకి చూస్తే రెండూ ఒకటే, లోపల 30 మిల్లీమీటర్ల తేడా! నిజం రిమ్ములూ అంతే: 26 × 1⅜ టైరుకు 590, 26 × 1.75కు 559. సన్నది ఇంగ్లండు సైకిళ్లది. లావుది 1933లో అమెరికాలో ష్విన్ సైకిళ్లతో జనంలోకి వచ్చింది.

టైరు అంచును బొటనవేలితో నొక్కి చూడు. గట్టిగా తగిలేది ఉక్కు తీగ. అది సాగదు. గాజులమ్మే ఆవిడ 2-4, 2-6 అని గాజు లోపలి కొలతే చూస్తుందే, ఇక్కడా అంతే. చిన్నదైతే ఎక్కదు సరే, పెద్దదైతే సర్దుకుంటుందిలే అని మాత్రం అనుకోకు. గాలి కొట్టగానే అంచు రిమ్ము దాటి బయటికొచ్చేస్తుంది, ట్యూబు ఢామ్మని పేలుతుంది.

టైరు పక్కన చిన్న అక్షరాల్లో 37-590 అనో 50-559 అనో ఉంటుంది చూడు. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం. ఐఎస్ఓ 5775 ప్రమాణం చెప్పే కొలత ఇదే. నేను నమ్మేది ఈ రెండో అంకెనే. మన పాత పెద్ద సైకిలు 28 × 1½ది 635. ఇప్పటి 700సి రిమ్ము 622, 29 అని అమ్మే కొండ సైకిలుదీ అదే 622! పేర్లే వేరు.

ట్యూబుతో ఇంత పేచీ లేదు, రబ్బరు కాస్త సాగుతుంది. కాకపోతే వాల్వు దూరాలి. మోటారు సైకిలు రకం లావు వాల్వుకు 8.5 మిల్లీమీటర్ల బెజ్జం కావాలి, సన్న ప్రెస్టా వాల్వుకు 6.5 చాలు. రిమ్మే మార్చాల్సొస్తే ఊచల బెజ్జాలు లెక్కపెట్టు. హబ్బుకెన్నో రిమ్ముకీ అన్నే ఉండాలి. పాత పెద్ద సైకిళ్లకు ముందు 32, వెనక 40 ఉండేవి.

షాపుకెళ్లే ముందు ఆ రెండో అంకె కాగితం మీద రాసుకో. టైరు అరిగి అంకె కనపడకపోతే చక్రాన్నే ఊడదీసి పట్టుకెళ్లు.