లోహం, కణం, కాలం

మన కథల్లో కేన్సరు తరచుగా కథను ముగించడానికే వస్తుంది. పాత్ర దగ్గి రుమాలు చూసుకుందంటే చివరి పేజీ దగ్గరపడిందని పాఠకుడు గ్రహిస్తాడు. ఆ జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్న పుట్టదు. పుట్టినా తలరాత అనే సమాధానం సిద్ధంగా ఉంటుంది. విధివాదాన్ని తిరస్కరించిన రచయితల కథల్లో సైతం అది ఆసుపత్రి వార్డు దగ్గర దొడ్డిదారిన ప్రవేశించడం నేను గమనిస్తున్నాను. కారణం తెలియని జబ్బులు ఉన్నమాట నిజమే. కాని కారణం తెలిసిన జబ్బులను కూడా తలరాత ఖాతాలో వేయడం వాస్తవికత అనిపించుకోదు. లోహాల వల్ల వచ్చే కేన్సరు అటువంటిది. నేను వైద్యుణ్ణి కాను. శాస్త్రజ్ఞులు నిర్ధారించిన దాన్ని ఒక సాహిత్య విద్యార్థిగా అర్థం చేసుకున్నంత మేరకు ఇక్కడ వివరిస్తాను.

ముందుగా ఒక జాగ్రత్త. భారలోహాలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. మానవులకు కేన్సరు కలిగిస్తాయని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ నిశ్చయంగా తేల్చిన వాటిలో కాడ్మియం, నికెల్ సమ్మేళనాలు, ఆరు వేలన్సీ క్రోమియం, ఆర్సెనిక్ ఉన్నాయి. ఆర్సెనిక్ నిజానికి అర్ధలోహమైనా ఈ జాబితాలోనే కలిపి చెబుతారు. సీసపు అకర్బన సమ్మేళనాలను 'బహుశా' అనే తరగతిలోనే ఉంచారు. సీసం, పాదరసం ప్రధానంగా దెబ్బతీసేది మెదడును, నరాలను, మూత్రపిండాలను. ప్రతి విషానికీ కేన్సరును అంటగట్టే కథ కూడా అవాస్తవమే అవుతుంది.

క్రోమియంతో మొదలుపెడదాం. సైకిలు హేండిలు మీద మెరిసే పూత ఈ లోహానిదే. ఆ పూత వేసే తొట్టిలోని క్రోమిక్ ఆమ్లంలోనూ, పసుపు, నారింజ రంగుల క్రోమేటు లవణాల్లోనూ క్రోమియం ఆరు ఎలక్ట్రాన్లు కోల్పోయిన స్థితిలో ఉంటుంది. తోళ్ళు పదును చేయడానికి వాడే క్రోమియం మూడు ఎలక్ట్రాన్లే కోల్పోయినది. ఈ రెండోది కణం పొరను దాటడం చాలా కష్టం. మొదటిది సులభంగా దాటుతుంది. ఎందుకంటే క్రోమేటు ఆకారంలోనూ, విద్యుదావేశంలోనూ సల్ఫేటును పోలి ఉంటుంది. సల్ఫేటు కణానికి నిత్యావసరం కనుక దాన్ని లోపలికి చేరవేసే ద్వారాలు పొరలో ఉన్నాయి. ఆ ద్వారాలు క్రోమేటును సల్ఫేటుగా పొరబడి రానిస్తాయి.

లోపల జరిగేది మరింత గమనించదగినది. కణాన్ని కాపాడే విటమిన్ సి, గ్లూటాథయోన్ వంటి పదార్థాలు క్రోమేటుకు ఎలక్ట్రాన్లు ఇచ్చి దాన్ని మూడు స్థితికి దింపుతాయి. ఈ పని కణం బయటే జరిగితే అది నిజంగా రక్షణ. లోపల జరిగినప్పుడు అదే ప్రమాదం. దిగే క్రమంలో తాత్కాలిక రూపాలు పుట్టి చుట్టుపక్కల పదార్థాలను ఆక్సీకరిస్తాయి. చివరకు మిగిలిన మూడు స్థితి క్రోమియం తేలిగ్గా బయటికి పోలేక డి.ఎన్.ఎ.కు అంటుకుంటుంది. ప్రోటీన్లను తెచ్చి డి.ఎన్.ఎ.కు అతుకుతుంది కూడా.

ఇక్కడ మనకు పరిచయమైన తాళపత్ర గ్రంథంతో పోల్చి చెబుతాను. కణం విభజన చెందే ముందు తన డి.ఎన్.ఎ. మొత్తానికి నకలు రాసుకుంటుంది. లేఖక దోషాలు సహజం. వాటిని సరిచేసే ఎంజైములు, గ్రంథ పరిష్కర్తల వంటివి, కణంలోనే ఉన్నాయి. క్రోమియం అంటుకున్న చోట నకలు తడబడుతుంది. పరిష్కర్త ఆ మచ్చను దిద్దబోతే డి.ఎన్.ఎ. రెండు పోగులూ తెగవచ్చు. అంతగా దెబ్బతిన్న కణం మామూలుగా చనిపోతుంది. పరిష్కార వ్యవస్థ ముందే చెడిపోయిన కణానికి ఈ చావు తప్పుతుంది. అది బతికి, దోషాలతోనే విభజన చెందుతుంది. అంటే, ఏళ్ళ తరబడి క్రోమేటు పీల్చిన ఊపిరితిత్తుల్లో తప్పు దిద్దుకోగల కణాలు తగ్గి, దిద్దుకోలేనివి మిగులుతూ వస్తాయన్నమాట. ఈ వివరణ ప్రయోగశాలలో పెంచిన కణాల మీద రూపొందింది. జపాన్‌లో క్రోమేటు కార్మికుల ఊపిరితిత్తుల కణుతుల్లో సైతం ఇటువంటి పరిష్కార లోపపు గుర్తులు తరచుగా కనిపించాయి.

ఆర్సెనిక్ తీరు వేరు. అక్షరాన్ని నేరుగా చెరపడం కన్న పరిష్కర్తను పని చేయనివ్వకపోవడం దాని ముఖ్య లక్షణం. మరమ్మతు చేసే కొన్ని ప్రోటీన్లలో గంధకం పరమాణువులు ఒక జింకు పరమాణువును పట్టుకుని ఉంటాయి. ప్రోటీను ఆకారం నిలిచేది ఆ పట్టు మీదే. గంధకంతో గట్టిగా బంధం కట్టే ఆర్సెనిక్ ఆ జింకును తోసి దాని స్థానంలో కూర్చుంటుంది. జింకు కుటుంబానికే చెందిన కాడ్మియం కూడా మరమ్మతును అడ్డుకుంటుంది. పొగాకు పొగలో ఉండే ఈ లోహం మూత్రపిండాల్లో దశాబ్దాలు నిలిచిపోతుంది. నికెల్ మరో మార్గం తొక్కుతుంది. డి.ఎన్.ఎ. చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీద కొన్ని రసాయనిక గుర్తులు పడుతుంటాయి. వాటిని తుడిచే ఎంజైములకు ఇనుము అవసరం. ఆ ఇనుము చోటును నికెల్ ఆక్రమిస్తే గుర్తులు పేరుకుపోతాయి. కణాన్ని అదుపులో ఉంచే జన్యువులు మూగపోవచ్చు. గ్రంథంలో ఒక్క అక్షరం మారదు, ఆ ఆకులు మాత్రం తెరుచుకోవు.

ఈ మార్పుల్లో ఏ ఒక్కటీ ఆనాడే కేన్సరు కాదు. విభజనను నడిపే జన్యువు, ఆపే జన్యువు, చెడిన కణాన్ని చంపే జన్యువు ఒకే కణ సంతతిలో ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతినాలి. పరిమాణాత్మక మార్పు గుణాత్మక మార్పుగా పరిణమించడమని మనం వ్యాసాల్లో తరచు వాడే మాటకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ అరుదు. అందుకు పట్టే కాలం సాధారణంగా దశాబ్దాలు.

ఈ కాలం ఎంత నిర్దయమైనదో చిలీ దేశపు ఆంటోఫగాస్టా నగరం చెబుతుంది. 1958లో ఆ నగరానికి కొత్తగా నది నీళ్ళు తెచ్చారు. వాటిలో లీటరుకు సుమారు 860 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పరిమితి 10. 1970లో నీటిని శుద్ధిచేసే ఏర్పాటు వచ్చింది. అయినా ఊపిరితిత్తుల, మూత్రాశయ కేన్సరు మరణాలు ఆ తర్వాత దశాబ్దాల పాటు హెచ్చుగానే కొనసాగాయి. ఆ పన్నెండేళ్ళలో తల్లి గర్భంలోనో పసితనంలోనో ఉన్నవారిలో, ముప్పయ్యవ పడి దాటాక ఊపిరితిత్తుల కేన్సరు మరణాలు మిగతా చిలీలో కన్న ఎన్నో రెట్లు ఎక్కువయ్యాయి. నీళ్ళు బాగుపడ్డ పాతికేళ్ళకు కూడా ఆ నీళ్ళు తాగినవారు చనిపోతూనే ఉన్నారు.

కార్మికుడి విషయంలో ఈ దూరమే అసలు సమస్య. క్రోమియం తొట్టి దగ్గర పనిచేసేవాడికి ముందుగా ముక్కు దూలానికి చిల్లు పడవచ్చు. చాలాసార్లు దానికి నొప్పి కూడా ఉండదు. ఊపిరితిత్తిలో కణితి కనిపించేనాటికి అతను ఆ పని మాని ఇరవై ఏళ్ళు కావచ్చు. కర్మాగారం మూతపడి ఉండవచ్చు. హాజరు పట్టీ దొరకదు. బీడీలు కాల్చేవాడివి కదా అంటారు. ఒక్క మనిషి కణితిని చూసి ఇది ఫలానా తొట్టి వల్లనే వచ్చిందని రూఢిగా చెప్పడం కష్టం. అదే క్రోమేటు పని చేసిన వారందర్నీ ఒకచోట లెక్కవేస్తే కారణం దాగదు. క్రోమ్ రంగుల పనిలో ఉన్న ఒక కార్మికుడి ముక్కులో కేన్సరును గ్లాస్గో వైద్యుడు డేవిడ్ న్యూమన్ 1890లో నమోదు చేశాడు. క్రోమేటు కార్మికుల ఊపిరితిత్తుల కేన్సరును జర్మనీ వృత్తివ్యాధిగా గుర్తించింది 1936లో. ఆ మధ్య గడిచిన 46 ఏళ్ళలో ఎందరు తలరాత పేరుతో చనిపోయారో ఊహించవలసిందే.

ఒంటరి శరీరంలో రుజువు కాని కారణం సమూహంలో రుజువవుతుంది. ఆ కారణం ఒక్కొక్క శరీరంలో ఎలా పనిచేస్తుందో కణశాస్త్రం చూపుతుంది. గణాంకాల్లో మనిషి ముఖం కనిపించదు. ఆసుపత్రి కాగితంలో అతని పాతికేళ్ళ వెనకటి పని కనిపించదు. ఆ పనినీ, ఈ జబ్బునూ ఒకే జీవితంగా చూపగల ప్రక్రియలు కథా, నవలా. కనుక కేన్సరు రోగిని పాత్రగా తీసుకునే రచయిత ముందుగా అడగవలసిన ప్రశ్నలు మూడు: అతను ఏ పని చేశాడు? ఎన్నేళ్ళు చేశాడు? ఏ నీళ్ళు తాగాడు? వీటికి జవాబు దొరికితే కథ చివరి పేజీ నుంచి మొదటి పేజీకి తనంతట తానే నడుస్తుంది.