మారుపేరుతో తిరిగిన శిలీంధ్రం

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి. పక్కనే ఉన్న జియా సరాయ్ సందులలో, ఇరుకు గదులలో ఉంటూ పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులకు జన్యుశాస్త్రం పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం. దగ్గరలోని హౌజ్ ఖాస్‌లో మెట్రో ఎక్కి, నగరానికి ఉత్తరాన విశ్వవిద్యాలయ ప్రాంగణం వద్ద దిగితే, అక్కడి వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీవ్యాధుల సంస్థలో అదే పాఠం రోగుల ప్రాణాలతో ముడిపడిన విషయం.

2009లో జపాను శాస్త్రజ్ఞులు ఒక వృద్ధురాలి చెవిలో కొత్త శిలీంధ్రాన్ని కనుగొన్నారు. లాటిన్‌లో 'ఆరిస్' అంటే చెవి. కనుక దానికి 'కాండిడా ఆరిస్' అని పేరు పెట్టారు. చర్మం మీద ఉన్నంతవరకు ఇది సాధారణంగా హాని చేయదు. రక్తంలో ప్రవేశించిందా, ప్రాణాంతకమే. 2009-11 మధ్య ఢిల్లీలోని రెండు ఆసుపత్రులలో 12 మందికి ఇది సోకినట్లు డాక్టర్ అనూరాధా చౌదరి బృందం 2013లో వెల్లడించింది.

చిక్కేమిటంటే, పరీక్షా యంత్రాలు తరచు దీనిని దీని దాయాది శిలీంధ్రంగా పొరబడేవి. పేరు తప్పితే వైద్యమూ తప్పుతుంది. వాడుకలో ఉన్న ఫ్లూకొనజోల్ మందుకు ఇది చాలావరకు లొంగదు.

2015లో ఢిల్లీ, బెంగుళూరు పరిశోధకులు వేర్వేరుగా దీని జన్యులిపిని చదివి ప్రకటించారు. అందులో సుమారు 1.25 కోట్ల అక్షరాలున్నాయి. మందు పనిచేయకపోవడానికి ఒక కారణం ఆ లిపిలోనే దొరికింది. ఫ్లూకొనజోల్ దెబ్బతీయవలసిన ఎంజైము నిర్మాణాన్ని నిర్ణయించే జన్యువులో ఒక్క అక్షరం మారినా చాలు, మందు గురి తప్పుతుంది.

2017లో మరో విశేషం బయటపడింది. ఈ శిలీంధ్రం ఒక దేశంలో పుట్టి లోకమంతా పాకింది కాదు. దక్షిణాసియా, తూర్పు ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలోని రకాల మధ్య వేలాది అక్షరాల తేడా ఉంది. అంటే అవి విడివిడిగా, ఇంచుమించు ఒకే కాలంలో తలెత్తాయన్నమాట. ఒకే ప్రాంతపు రోగులలో దొరికిన వాటి మధ్య మాత్రం తేడా అత్యల్పం. ఆసుపత్రిలోనే ఒకరినుండి ఒకరికి సోకుతున్నదనడానికి ఇదే సాక్ష్యం.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యంత ప్రమాదకర శిలీంధ్రాల జాబితాలో చేర్చింది. మంచం కమ్ములపైనా, పరికరాలపైనా ఇది వారాల తరబడి బతకగలదు. కోటికి పైగా అక్షరాలు చదివిన శాస్త్రం చివరకు వైద్యునికీ, నర్సుకూ గుర్తుచేసేది చిన్న మాటే: ఒక రోగిని తాకిన చేయి కడుక్కోకుండా మరొకరిని తాకరాదు.